గ్రాండ్ క్యానియన్‌లో ప్లాటో పాయింట్ ట్రెక్: హైదరాబాద్ నుంచే ఎలా సిద్ధం కావాలి

మనకు తెలిసిన కొండలన్నీ ముందు ఎక్కించి తర్వాత దింపుతాయి. అలిపిరి మెట్లయినా, గోల్కొండ అయినా, భువనగిరి కోట అయినా అంతే. ఓపిక లేకపోతే సగంలో కూర్చుని, వెనక్కి దిగి వచ్చేయొచ్చు. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని గ్రాండ్ క్యానియన్ లోయలో వ్యవహారం తిరగబడుతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు, ఒంట్లో బలం ఉన్నప్పుడు హాయిగా దిగుతారు. ఎండ ముదిరాక, కాళ్ళు అలిసిపోయాక ఎక్కాలి. దిగడం మీ ఇష్టం, ఎక్కడం మాత్రం తప్పదని అక్కడి రేంజర్లు, అంటే పార్కు కాపలా సిబ్బంది, అందరికీ చెప్పేది ఇందుకే. కాబట్టి ఈ ట్రెక్‌కు ప్లాన్ వేసేటప్పుడు ప్రతి విషయాన్నీ తిరుగుదారి వైపు నుంచి ఆలోచించండి.

నేను చెబుతున్నది సౌత్ రిమ్ (లోయ దక్షిణపు అంచు) నుంచి బ్రైట్ ఏంజెల్ ట్రయల్ అనే కాలిదారి మీద దిగి, కొలరాడో నదిని పై నుంచి చూసే ప్లాటో పాయింట్ దాకా వెళ్ళి, అదే రోజు తిరిగి రావడం గురించి. రానూపోనూ దాదాపు 20 కిలోమీటర్లు. 9 నుంచి 12 గంటలు పడుతుందని పార్కు వాళ్ళ లెక్క. ఒక్క రోజులో వెళ్ళొచ్చేవాళ్ళకు పర్మిట్ అక్కర్లేదు. లోయలో రాత్రి ఉండాలంటేనే కావాలి.

ముందు ఏ క్యానియనో తేల్చుకోండి

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే మనవాళ్ళు చాలామంది లాస్ వేగాస్ నుంచి ఒక్క రోజులో గాజు వంతెన చూసి వచ్చి, గ్రాండ్ క్యానియన్ అయిపోయింది అంటారు. అది గ్రాండ్ క్యానియన్ వెస్ట్, హువాలపై తెగవారి భూమి. నేషనల్ పార్కు కాదు. టికెట్ వేరు, దారి వేరు, మన ట్రయల్ అక్కడ లేదు. సౌత్ రిమ్ వేగాస్ నుంచి కారులో నాలుగున్నర గంటలు, ఫీనిక్స్ నుంచి నాలుగు గంటల లోపు. హోటల్ బుక్ చేసే ముందు అది సౌత్ రిమ్ దగ్గరే ఉందా అని మ్యాప్‌లో చూసుకోండి. పార్కు లోపలి గదులు చాలా ముందుగానే నిండిపోతాయి. అవి దొరక్కపోతే గేటు బయటే ఉన్న టుసాయన్ ఊళ్ళో చూడండి, అదీ లేకపోతే గంట దూరంలో విలియమ్స్ ఉంది. తెల్లవారకముందే ట్రయల్ మొదట్లో ఉండాలి కాబట్టి నాకైతే టుసాయన్ కంటే దూరం వెళ్ళడం ఇష్టం లేదు.

2026 నుంచి అమెరికాలో నివసించని పెద్దవాళ్ళకు ఈ పార్కులో మామూలు ప్రవేశ రుసుము కాక మనిషికి 100 డాలర్లు అదనం. కుటుంబమంతా వెళ్తుంటే ఖర్చులో ఇది ముందే వేసుకోండి.

నెల విషయంలో మొహమాటం వద్దు

మనకు తీరిక దొరికేది మే, జూన్‌లలో. పిల్లలకు సెలవులు, అమ్మానాన్నలు అమెరికా వెళ్ళేదీ అప్పుడే. ఈ ట్రెక్‌కు అంతకంటే చెడ్డ కాలం లేదు. వేసవిలో లోయ లోపల 40 డిగ్రీలు దాటడం మామూలు. ప్లాటో పాయింట్‌కు వేసవిలో ఒక్క రోజులో వెళ్ళి రావద్దని పార్కు వాళ్ళే చెబుతారు. ‘మేం హైదరాబాద్ ఎండలు చూసినవాళ్ళం’ అనే మాట అక్కడ పనికిరాదు. మే నెల మిట్టమధ్యాహ్నం మనం చేసేది కూలర్ ముందు కూర్చోవడమే కానీ, బ్యాగు తగిలించుకుని కొండ ఎక్కడం కాదు కదా.

దసరా సెలవులకు పెట్టుకోండి. సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ దాకా మంచి కాలం. పొద్దున అంచు మీద రెండు మూడు డిగ్రీల చలి ఉంటుంది, మధ్యాహ్నానికి కింద పాతిక ముప్ఫై డిగ్రీలు. కిందికి దిగేకొద్దీ వేడి పెరుగుతుంది. ప్రతి 300 మీటర్లకు దాదాపు మూడు డిగ్రీలు. అందుకే పైన స్వెటర్ వేసుకున్నామనే ధైర్యంతో నీళ్ళు తగ్గించుకోకూడదు. మార్చి, ఏప్రిల్ కూడా బాగుంటాయి గానీ పై భాగంలో మంచు గట్టిపడి జారుతుంటుంది. అప్పుడు షూ కింద తొడుక్కునే ఇనుప ముళ్ళ పట్టీలు కావాలి. జులై, ఆగస్టులలో మధ్యాహ్నాలు పిడుగులతో వానలు పడతాయి.

వెళ్ళే వారం ముందు పార్కు వెబ్‌సైట్‌లో రెండు విషయాలు చూడండి: ట్రయల్ తెరిచి ఉందా, నీళ్ళు వస్తున్నాయా. లోయలో నీళ్ళ పైపు 1960ల నాటిది. తరచూ పగులుతుంది, కొత్త లైను పనులు కూడా నడుస్తున్నాయి. ఆ పనుల కోసం దారి మూసిన రోజులూ ఉన్నాయి.

ఒళ్ళు సిద్ధం చేసుకోవడం

అంకెలు ఒకసారి చూడండి. ట్రయల్ మొదలయ్యే చోటు సముద్ర మట్టానికి దాదాపు 2,085 మీటర్ల ఎత్తు. ప్లాటో పాయింట్ 1,150 దరిదాపుల్లో ఉంటుంది. అంటే తిరిగి వచ్చేటప్పుడు 930 మీటర్లకు పైగా ఎక్కాలి. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు, ఎత్తు తేడా ఏడు వందల మీటర్లకు అటూఇటూ. అలిపిరి మొత్తం ఎక్కి, మళ్ళీ అందులో మూడో వంతు ఎక్కినట్టు లెక్క. నీడ తక్కువ, దారిలో టీ కొట్టు ఉండదు, పైకి బస్సు కూడా ఉండదు. పైగా హైదరాబాద్ ఎత్తు 540 మీటర్లే. సౌత్ రిమ్ ఇంచుమించు ఊటీ అంత ఎత్తు. గాలి పలచగా ఉంటుంది కాబట్టి చివరి రెండు కిలోమీటర్లలో ఆయాసం ఇంకా ఎక్కువ వస్తుంది.

మూడు నెలల ముందు మొదలుపెట్టండి. కేబీఆర్ పార్కు చుట్టూ నడక అలవాటుకు మంచిదే కానీ అక్కడ ఎక్కేది తక్కువ. దానితో పిక్కలకు చాలినంత పని పడదు. అసలైన జిమ్ మీ అపార్ట్‌మెంట్ మెట్లే. పది అంతస్తులు ఎక్కితే సుమారు 30 మీటర్లు. మొదటి వారం మూడు నాలుగు సార్లతో ఆపండి. మెల్లగా పెంచుతూ, చివరి నెలలో వీపు మీద ఐదారు కిలోల బ్యాగుతో ఒకేసారి పదిహేను సార్లు ఎక్కగలగాలి. లిఫ్ట్‌లో దిగకండి. మర్నాడు మంచం దిగనివ్వనిది ఎక్కడం కాదు, దిగడం. తొడ కండరాలకు ఆ దెబ్బ ఇక్కడే అలవాటు చేయాలి. మీ ఇల్లు పై అంతస్తులో ఉంటే ఇంకా మంచిది. ఇంటి నుంచే మొదలుపెట్టి ముందు దిగి, చివర ఎక్కండి. క్యానియన్‌లో మీ ఒళ్ళు పడే కష్టం సరిగ్గా అదే వరసలో ఉంటుంది. వాచ్‌మన్ రెండు రోజులు వింతగా చూస్తాడు, మూడో రోజు నుంచి ఎన్నోసారో ఆయనే లెక్క చెబుతాడు.

ఆదివారాలు భువనగిరి వెళ్ళండి. ఆ కోట మొత్తం ఒకే బండరాయి. పైన నీడ ఉండదు. మెట్లు ఎక్కాక వాలుగా ఉండే రాతి మీద షూ పట్టు ఎలా ఉందో అక్కడ తెలుస్తుంది. పొద్దున్నే వెళ్ళి, రెండు సార్లు ఎక్కి దిగి, ఎండ ముదరకముందే తిరుగు ప్రయాణం కట్టండి. గోల్కొండ కొండ ఎత్తు 120 మీటర్లే. దాన్ని ఎనిమిది సార్లు ఎక్కితే గానీ ప్లాటో పాయింట్ లెక్కకు సరిపోదు. ఈ మాట ఇంట్లో చెబితే ఎవరెవరు నిజంగా రావాలనుకుంటున్నారో అప్పుడే తేలిపోతుంది.

బీపీ, షుగర్, గుండె, మోకాళ్ళ సమస్యలు ఉంటే డాక్టర్‌తో ‘అమెరికా వెళ్తున్నా’ అని కాకుండా, ‘ఎండలో పది గంటలు నడుస్తా, 900 మీటర్లు ఎక్కుతా’ అని చెప్పండి. కొన్ని బీపీ మాత్రలు మూత్రం ఎక్కువ పోయేలా చేస్తాయి, వాటి సంగతి ముందే మాట్లాడుకోవాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ట్రెక్కింగ్‌లో జరిగే ప్రమాదానికి, హెలికాప్టర్‌లో తరలించడానికి వర్తిస్తుందా అని పాలసీ కాగితంలోనే చదవండి. ఏజెంట్ నోటిమాట చాలదు.

నీళ్ళు, ఉప్పు

ఈ ట్రెక్‌లో మనవాళ్ళు పొరబడేది ఇక్కడే. హైదరాబాద్‌లో చెమట పడితే చొక్కా తడుస్తుంది, మనకు తెలుస్తుంది. ఎడారి గాలిలో చెమట పట్టగానే ఆరిపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది. కానీ మధ్యాహ్నానికి టోపీ అంచు మీద, బ్యాగు పట్టీల కింద తెల్లటి ఉప్పు గీతలు కనిపిస్తాయి. ఒంట్లోంచి ఎంత పోయిందో చెప్పే గుర్తు అదే. దూప అయ్యేదాకా ఆగకుండా గుక్కలు గుక్కలుగా తాగుతూ ఉండాలి. నడుస్తున్నంతసేపూ గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా పడుతుంది. అంచు దగ్గర మూడు లీటర్లతో బయల్దేరండి. దారిలోని రెండు విశ్రాంతి గదుల దగ్గర కుళాయిలు మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య వరకే పనిచేస్తాయి. వాటికి దిగువన ఉన్న హవసుపాయ్ గార్డెన్స్ అనే మజిలీలో ఏడాదంతా వస్తాయి, పైపు పగలకపోతే.

నీళ్ళు తక్కువ తాగడం ఒక ప్రమాదమైతే, ఉప్పు లేకుండా ఉత్త నీళ్ళు లీటర్లకు లీటర్లు తాగడం రెండోది. చెమటలో సోడియం పోతుంది, నీళ్ళతో మిగిలింది పలచబడుతుంది. తలనొప్పి, వికారం, తికమక, నీళ్ళలాంటి మూత్రం మాటిమాటికీ రావడం, వేళ్ళు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం దాని గుర్తులు. చూడటానికి వడదెబ్బలాగే ఉంటుంది కాబట్టి పక్కవాళ్ళు ఇంకా నీళ్ళు తాగిస్తారు, అది ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఒక నియమం పెట్టుకోండి: నీళ్ళు తాగిన ప్రతిసారీ నోట్లో ఉప్పగా ఏదో ఒకటి పడాలి.

ఇందులో మన వంటిల్లే గొప్పది. సకినాలు, చేగోడీలు, ఉప్పు పల్లీలు, కారప్పూస, ఉస్మానియా బిస్కెట్లు బాగా పనికొస్తాయి. నాకు అన్నింటికంటే సకినాలే నచ్చుతాయి. బ్యాగులో విరిగినా తినొచ్చు, వాము కడుపుకు మంచిది, కారం తక్కువ. పొద్దున తినడానికి పులిహోర పెట్టుకోండి కానీ పది గంటల లోపు ముగించండి. పల్లీ చిక్కీ ఎక్కేటప్పటికి దాచుకోండి. విమానంలో తీసుకెళ్ళే తిండిని అమెరికా కస్టమ్స్ దగ్గర డిక్లేర్ చేయాలి. మాంసం పచ్చళ్ళు, పండ్లు పెట్టుకోవద్దు.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు మెడికల్ షాపులో ఇక్కడే కొని మనిషికి నాలుగు చొప్పున పెట్టుకోండి. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉండాలి. లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్ళలోనే కలపాలి, సీసా చిన్నదని అరలీటరులో మొత్తం వేయకూడదు. ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని అమ్మిన చక్కెర పానీయాల మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకాన్ని ఆపించింది. ఇంట్లో పాత టెట్రా ప్యాక్ ఏదైనా ఉంటే అది దీనికి పనికిరాదు.

షూ, బ్యాగు

షూ కొత్తవి వద్దు, కనీసం నెల రోజులు ఇక్కడ వాడినవై ఉండాలి. కొనేటప్పుడు సాయంత్రం, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు వెళ్ళి, మందపాటి సాక్సుతో వేసుకుని చూడండి. బొటనవేలి ముందు వేలెడు వెడల్పు ఖాళీ ఉండాలి. 900 మీటర్లు దిగేటప్పుడు వేళ్ళు ముందుకు గుద్దుకుని గోళ్ళు నల్లబడతాయి. రెండు రోజుల ముందే గోళ్ళు కత్తిరించుకోండి. దిగే ముందు చీలమండ దగ్గర లేసు బిగించి కడితే పాదం ముందుకు జారదు. ట్రెక్కింగ్ కర్రలు మోకాళ్ళను కాపాడతాయి, వాటిని చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి.

బ్యాగులో నీళ్ళు, తిండి కాక హెడ్ ల్యాంప్, వెడల్పు అంచు టోపీ, సన్‌స్క్రీన్, బొబ్బలకు అంటించే పట్టీలు, విజిల్, పలచటి జాకెట్ ఉంటే చాలు. ఒక నూలు తువ్వాలు తప్పకుండా పెట్టుకోండి. దాని పని కింద చెబుతాను. ఫోన్‌లో సిగ్నల్ ఉంటుందని అనుకోవద్దు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి.

దిగిన మర్నాడే నడవొద్దు

హైదరాబాద్‌కూ అరిజోనాకూ పన్నెండున్నర గంటల తేడా. మీకు రాత్రి వాళ్ళకు పగలు. మొదటి రోజుల్లో తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. ఎలాగూ లేచాం కదా, పోదాం అనిపిస్తుంది. మెలకువ రావడం వేరు, ఒళ్ళు కుదుటపడటం వేరు. అమెరికాలో దిగిన నాలుగైదు రోజుల తర్వాతే ట్రెక్ పెట్టుకోండి. సౌత్ రిమ్‌లో కనీసం ఒక రాత్రి ముందే పడుకుని, ఆ ఎత్తుకు కాస్త అలవాటు పడండి.

ఆ రోజు

అక్టోబర్‌లో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. ఐదున్నరకే హెడ్ ల్యాంప్‌తో మొదలుపెట్టండి. ఆ చీకట్లో దారి వెడల్పుగానే ఉంటుంది, అయినా గోడ వైపే నడవండి. కంచర గాడిదల వరస ఎదురైతే ఆగి, గైడ్ ఎటు నిలబడమంటే అటు నిలబడి, కదలకుండా దారివ్వండి.

మొదటి విశ్రాంతి గది 2.4 కిలోమీటర్ల దగ్గర, రెండోది 4.8 దగ్గర. ఇక్కడ వాచీ చూసుకోండి. దిగడానికి ఎంత పట్టిందో, ఎక్కడానికి దానికి రెట్టింపు పడుతుంది. రెండో గదికి రెండు గంటలు పట్టిందంటే అక్కడి నుంచి పైకి నాలుగు గంటలు. ఆ లెక్కతో చీకటి పడకముందే పైకి చేరలేరని తేలితే అక్కడే వెనక్కి తిరగాలి. మోకాలు నొప్పి మొదలైనా అంతే. ‘ఇంత దూరం వచ్చాం కదా’ అన్న మాట గుంపులో ఎవరో ఒకరు అంటారు. ఆ మాటకు విలువ ఇవ్వకూడదని బయల్దేరే ముందే అందరూ ఒప్పందం చేసుకోండి. గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవారే ముందు నడవాలి.

రెండో గది దాటాక జేకబ్స్ ల్యాడర్ అనే మెలికల దారి ఎర్రటి నిటారు గోడను కోస్తూ దిగుతుంది. దిగేటప్పుడు సరదాగా ఉంటుంది. మధ్యాహ్నం మీరు తిట్టుకునేది దీన్నే. దాని కింద 7.2 కిలోమీటర్ల దగ్గర హవసుపాయ్ గార్డెన్స్: చెట్లు, నీళ్ళు, టాయిలెట్లు, రేంజర్ స్టేషన్. హవసుపాయ్ అనే ఆదివాసీ తెగ ప్రజలు ఇక్కడ వ్యవసాయం చేసుకునేవారు. ఆ తెగవారిని పార్కు ఖాళీ చేయించింది. 2022లో ఈ చోటుకు వాళ్ళ పేరు పెట్టారు. ఉడతలకు తిండి పెట్టకండి, అవి కరుస్తాయి. తిరుమల కోతుల్లాగే బ్యాగు జిప్పు మీద వాటికి బాగా అవగాహన ఉంది.

ఇక్కడి నుంచి ప్లాటో పాయింట్‌కు రెండున్నర కిలోమీటర్లు. దాదాపు చదును, ఒక్క చెట్టు కూడా లేదు. చదునుగా ఉందని తేలిగ్గా తీసుకుంటారు కానీ నీడ లేని ఐదు కిలోమీటర్ల రానూపోనూ ఇది. గార్డెన్స్‌కు తొమ్మిదిన్నర లోపు చేరితేనే ముందుకు వెళ్ళండి. చివర రాతి అంచు దగ్గర నేల ఒక్కసారిగా తెగిపోతుంది, నాలుగు వందల మీటర్ల కింద కొలరాడో. ఎగువన గ్లెన్ క్యానియన్ డ్యామ్ 1963 నుంచి ఒండ్రును ఆపేస్తుండటంతో నీళ్ళు తరచూ ఆకుపచ్చగా కనిపిస్తాయి. ఉపనదులకు వరద వస్తే మట్టి రంగు. అరగంట కూర్చోండి, తినండి, సెల్ఫీ కోసం అంచు మీదికి వెనక్కి నడవకండి. ఇక్కడి నుంచి నది దాకా దిగిపోదాం అనే ఆలోచన మాత్రం ఒక్క రోజు ట్రెక్‌లో రానీయొద్దు.

గార్డెన్స్‌కు తిరిగి వచ్చాక తువ్వాలు పూర్తిగా తడిపి మెడ చుట్టూ వేసుకోండి, చొక్కా, టోపీ కూడా తడపండి. పొడి గాలిలో ఆ తడి ఆరుతూ ఒళ్ళు చల్లబరుస్తుంది. అరగంటలో ఆరిపోతుంది, నీళ్ళు దొరికిన ప్రతి చోటా మళ్ళీ తడపండి. అనుకోకుండా బాగా వేడెక్కిన రోజైతే చెట్ల కింద నాలుగింటి దాకా ఆగి ఎక్కడమే మంచిది. హెడ్ ల్యాంప్ ఉంది కదా.

ఎక్కేటప్పుడు పక్కవాళ్ళతో మాట్లాడగలిగేంత నెమ్మదిగా నడవండి. మాట తెగుతుంటే వేగం ఎక్కువైనట్టే. గంటకోసారి పది నిమిషాలు కూర్చుని, కాళ్ళు రాయి మీద ఎత్తి పెట్టండి. ఎవరైనా చిరాకు పడటం, మాట తడబడటం, తూలడం కనిపిస్తే నీడలో కూర్చోబెట్టి తడపండి, ఎక్కించకండి. కోలుకోకపోతే దారిలోని ఎమర్జెన్సీ ఫోన్‌లో గానీ, మరో ట్రెక్కర్ ద్వారా గానీ రేంజర్లకు కబురు పంపండి.

ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే

వాళ్ళను మొదటి విశ్రాంతి గది దాకా కూడా బలవంతం చేయొద్దు. అంచు మీద కారులో తూర్పు వైపు వెళ్తే లిపాన్ పాయింట్ నుంచి నది బాగా కనిపిస్తుంది, మెట్టు దిగే పని లేదు. మీరు ట్రెక్‌లో ఉన్న రోజు వాళ్ళకు మీరు తిరిగి వచ్చే సమయం ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. దానికి రెండు గంటలు దాటితే ఎవరికి చెప్పాలో కూడా రాయండి.

పైకి వచ్చిన రాత్రికి కూడా అక్కడే గది ఉంచుకోండి. ఆ సాయంత్రమే వేగాస్‌కు కారు తీయడం తెలివైన పని కాదు. తొడలు పట్టేసి బ్రేకు మీద కాలు సరిగా పడదు, నిద్ర ముంచుకొస్తుంది, చీకటి పడ్డాక ఆ రోడ్ల మీదికి ఎల్క్ జింకలు అడ్డం వస్తాయి.